ఊటకుండ

దేముడమ్మ కుమ్మరి పాకకి వచ్చి అడిగిన మొదటి మాటే మల్లేశు పెళ్లాం వరహాలుకి ముల్లులా దిగింది. ఊరే కుండ కావాలంది ఆ మనిషి.

"ఊరే కుండేటి?" అన్నాడు మల్లేశు, సారె మీంచి తల ఎత్తకుండానే.

"నీళ్లు పోత్తే పైకి సెమ్మ దిగాల. కారిపోకూడదు కుమ్మరన్నా. సెమట పట్టినట్టు పట్టాల, అంతే."

సారె ఆగిపోయింది. వరహాలు అది చూసింది. అన్నం చల్లారిపోతోందని ఆమె గొంతు చించుకున్నా, సారె మీద మట్టి ఉండగా చెయ్యి తీసే మనిషి కాడు మల్లేశు. అలాంటివాడు సగం కుండైన ముద్ద పక్కకి ఒరిగిపోతుంటే వదిలేసి, చేతులు గోచీకి తుడుచుకుంటూ లేచి వచ్చాడు.

వాళ్లది శృంగవరపుకోట దిగువన ఒక పల్లె. కొండ మీద కుమ్మరులు తక్కువ. ఘాటీ ఎక్కి అరకు సంతకి కుండలు మోసుకొచ్చి అమ్ముకునేవాళ్లు. మోసుకొచ్చినవాటిలో సగం దారిలోనే పగిలిపోయేవి. ఇక్కడే ఉండిపోండర్రా అని కొండవాళ్లు వాగు ఒడ్డున చోటు చూపిస్తే, పాక వేసుకుని నిలబడిపోయారు. వాగు గట్టున బంకమట్టి వెన్నలా ఉండేది.

సారె మగవాడిది. ఆడది దాన్ని ముట్టకూడదని వాళ్లలో కట్టుబాటు. సారె ఎక్కేదాకా మాత్రం మట్టి పని అంతా ఆడదానిదే. తవ్వడం, ఎండబెట్టడం, దంచడం, జల్లించడం, ఇసుకా ఊకా పాళ్లు చూసి కలపడం, మోకాళ్లు నొప్పులు పుట్టేదాకా తొక్కడం. కుండ ఖంగున మోగితే జనం మల్లేశు చెయ్యి మంచిదనేవాళ్లు. ఎవరైనా ఊరే కుండ వెనక్కి తెచ్చి సంతలో పడేస్తే, "ఊక ఎక్కువేసేసినావే" అని ఆ సాయంత్రం వరహాలుకి అక్షింతలు పడేవి. ఆయన చెయ్యెత్తేవాడు కాదు. కానీ ఆ మాట అని రెండు మూడు రోజులు మాటాడేవాడు కాదు. అదే ఆమెకి దెబ్బ కంటె ఎక్కువ.

అలా తిట్లు తిన్న తప్పునే ఇప్పుడొక కొండ ఆడది వచ్చి కోరి అడుగుతోంది. మొగుడు సారె దిగి మరీ వింటున్నాడు.

దేముడమ్మ పెద్ద అందగత్తేమీ కాదు. వరహాలు కంటె కొన్నేళ్లు పెద్దదే. నుదుటి మీదా చెంపల మీదా పచ్చబొట్లు, ఎండిన కట్టెల్లాంటి చేతులు, కాస్త బొంగురు గొంతు. మొగుడు జ్వరంతో పోయాక రోడ్డు దొర బంగళాలో తోటపనికి కుదిరింది. ఘాటీ రోడ్డు వెడల్పు చేయించడానికి వచ్చిన దొర అతను. ఆయన భార్యకి ఇంట్లో మొక్కలు పెంచడమంటే వెర్రి. వరండాలో, కిటికీ గట్ల మీద, ఆఖరికి అన్నం తినే బల్ల మీద కూడా మొక్కలే. దువ్వెన పళ్లలా చీలిన ఆకులవీ, చెట్టుకొమ్మల్ని పట్టుకుని పూసేవీ అడవిలోంచి ఏరి తెచ్చి ఇచ్చేది దేముడమ్మ.

వచ్చిన చిక్కల్లా క్యాంపులతోనే. దొర క్యాంపుకి బయల్దేరితే దొరసానీ, బట్లరూ వెంట వెళ్లేవాళ్లు. బంగళాకి తాళం. తిరిగొచ్చేసరికి మొక్కలు గడ్డిపోచలైపోయేవి. పోనీ అని వెళ్లేముందు ఎక్కువ నీళ్లు పోస్తే వేళ్లు కుళ్లిపోయేవి.

"మా ఇంట్లో నీళ్లకుండ కింద సూసినాను," అని చెప్పింది దేముడమ్మ నేల మీద గొంతుక్కూర్చుని. "ఆ మూల ఎప్పుడూ పచ్చగుంటాది. ఎండల్లో అడివంతా మాడిపోనా, ఆ కుండ పక్కన లేసిన మొక్క మాత్రం ఆకు వాల్చనేదు. ఎందుకా అని సెయ్యెట్టి సూత్తే కుండ తడి. మీకాడ కొన్న కుండే."

"అది పాడుకుండ. మార్సి ఇంకోటిత్తాను," అన్నాడు మల్లేశు.

"మార్సొద్దు. అలాటివే కావాల."

మల్లేశు పుల్ల తీసుకుని నేల మీద గీత గీశాడు. బయట వెడల్పాటి తొట్టి. దాని నడుమ సన్న మెడ ఉన్న చిన్న కుండ, మూతతో. చుట్టూ మట్టి, మట్టిలో మొక్క. చిన్న కుండలో నీళ్లు పోసి మూతపెడితే, మొక్కకి దాహమైనప్పుడల్లా మట్టి ఆ తడిని లాక్కుంటుంది. దేముడమ్మ ఆ బొమ్మ వైపు చూసి, ఇంకో పుల్లతో చిన్న కుండ అడుగు వెడల్పు చేసింది. "ఏళ్లు కిందకే గదా ఎల్తాయి," అంది. మల్లేశు తల ఊపాడు.

వరహాలు అంబలి ముంత అక్కడ పెట్టి వెనక్కి వచ్చేసింది.

ఆ సాయంత్రం మల్లేశు, "రేపు మట్టిలో ఊక ఎక్కువెయ్యి," అన్నాడు.

"ఎంత?"

"అప్పుడు ఏసినట్టు."

ఎప్పుడో ఆయన చెప్పక్కర్లేదు. తిట్లు తిన్నప్పుడు వేసినట్టు. ఆమె మారు మాటాడకుండా తొక్కింది.

మొదట చేసిన కుండలు గబగబా కారిపోయి తొట్టిలో బురద చేశాయి. ఆ తర్వాతవి గట్టిగా బిగుసుకుపోయి చుక్క కూడా వదల్లేదు. దేముడమ్మ మాటిమాటికీ వచ్చేది. మట్టిలో వేలు గుచ్చి చూసేది, వాసన చూసేది, పెదవి విరిచేది. మల్లేశు మళ్లీ చేసేవాడు. ఇద్దరూ తొట్టి మీదికి వంగి గంటల తరబడి మాటాడుకునేవాళ్లు. పెళ్లయినప్పటినుంచీ వరహాలుతో మల్లేశు మాటలన్నీ కలిపినా, ఆ ఎండాకాలానికి ముందటి రోజుల్లో దేముడమ్మతో మాటాడినన్ని కావు. ఒకరోజు ఆయన నవ్వడం వినిపించింది. కట్టెలు దించుకుంటున్న వరహాలు, ఎవరో కొత్త మనిషి వచ్చాడేమో అనుకుంది. ఆ నవ్వు ఆమెకి అంత కొత్త.

ఆ మాటల్లో సరసం ముక్క లేదు. దొంగచూపుల్లేవు. అన్నా అని పిలిచేది, చెల్లీ అనేవాడు. సరసమే అయితే బాగుండేదని వరహాలుకి చాలాసార్లు అనిపించింది. జుట్టు పట్టుకుని వాగుదాకా ఈడ్చేది, నలుగురినీ పిలిచి తీర్పు అడిగేది. మట్టి గురించీ వేళ్ల గురించీ మాటాడుకునే ఇద్దర్ని ఏమని నిలదీస్తుంది? ఎవరితో చెప్పుకుంటుంది? నా మొగుడు పరాయి ఆడదానితో ఊక పాళ్లు మాటాడుతున్నాడంటే వినేవాళ్లు నవ్వరూ?

మట్టి తొక్కుతూ ఆమె కూడా ఆలోచించింది. ఊక కాలిపోయాక కుండలో మిగిలే చిల్లులు పెద్దవి. అందుకే కారిపోతోంది. ఇంకా సన్నటిది కావాలి. రోడ్డు పనివాళ్లు దూలాలు కోసే చోట రంపపు పొట్టు గుట్టలుగా పడి ఉండడం ఆమెకి గుర్తొచ్చింది. ఆ రాత్రి అన్నం పెడుతూ, "ఊక మానేసి రంపప్పొట్టు జల్లించి ఏత్తే ఎలగుంటాది మావా? సన్నంగా ఊరతాది గదా," అంది.

"నువ్వు తొక్కు. అదంతా నేను సూసుకుంతాను," అన్నాడు మల్లేశు కంచంలోంచి తల ఎత్తకుండా.

మర్నాడు పొద్దున్నే దేముడమ్మ వచ్చింది. తడి ఇంకా నెమ్మదిగా దిగాలంది. మల్లేశు కాసేపు గడ్డం గోక్కున్నాడు. తర్వాత అతని మొహం వెలిగింది.

"రంపప్పొట్టు ఏసి సూద్దాం! ఊక కన్నా సన్నం గదా."

"అదీ మాట!" అంది దేముడమ్మ. "నీ బుర్రే బుర్ర కుమ్మరన్నా."

గుమ్మంలో జల్లెడ పట్టుకుని నిలబడి వరహాలు అంతా వింది. మల్లేశు ఆమె వైపు చూశాడు కూడా. "అదిగో, ఎల్లి బేగి ఒక గంపడు తెచ్చీ," అన్నాడు. అబద్ధమాడుతున్నానన్న ధ్యాసే లేదు ఆ కళ్లలో. ఆ మాట ఎవరు చెప్పారో ఆయన నిజంగానే మరిచిపోయాడు. దొంగతనం చేసి ఉంటే ఆమెకి అంత మండేది కాదు.

రంపపు పొట్టు కుండలు కుదిరాయి. మూతపెట్టి వదిలేసిన తొట్టిలో మట్టి తడిబట్టలా అలాగే ఉండిపోయింది. దొరసాని స్వయంగా పాకకి వచ్చి చూసింది. దేముడమ్మ భుజం తట్టింది, మల్లేశుకి చెయ్యి ఊపింది. మోకాళ్ల దాకా బురదతో వెనకాల నిలబడ్డ వరహాలు ఆవిడ కంటికి ఆనలేదు. బల్లల మీద తడి మరకలు పడకూడదు గనక, బయటి తొట్లకి లోపలివైపు గుగ్గిలం పట్టించమని బట్లరు చెప్పి వెళ్లాడు.

గుగ్గిలం పట్టించడం వరహాలు పనే. కాలిన కుండల్ని ఆవంలోంచి తీసిన రోజు మల్లేశు, దేముడమ్మ కలిసి ఆకుమట్టి తేవడానికి అడవికి వెళ్లారు. వరహాలు ముంతలో గుగ్గిలం, నూనె వేసి కాచింది. కర్రకి గుడ్డ చుట్టి తొట్ల లోపల రాస్తూ పోయింది. తొట్లు అయిపోయాయి. ముంతలో గుగ్గిలం ఇంకా మిగిలింది. పక్కన లోపలి కుండలు వరసగా బోర్లించి ఉన్నాయి, కాలి ఎర్రగా.

ఒక్కదానికి రాద్దామనుకుంది. ఒక్కటి చెడితే, అయ్యో ఇలా అయ్యిందేం అని ఇద్దరూ బుర్రలు పట్టుకుంటే చాలు. సన్న మెడలోంచి కర్ర దూర్చి గుడ్డని గుండ్రంగా తిప్పింది. వేడి మట్టి గుగ్గిలాన్ని గుటుక్కున తాగేసింది. ఇక ఆ కుండలోంచి చుక్క ఊరదు. పైకి ఏమీ తెలియలేదు. లోపల చీకటి. వాసన ఎలాగూ వాకిలంతా ఉంది. రెండోది చేతిలోకి తీసుకున్నప్పుడు ఆమెకి అడవిలోంచి వాళ్లిద్దరి మాటలు వినిపించినట్టే అనిపించింది. నిజానికి వాళ్లు ఎక్కడో దూరాన ఉన్నారు. ముంత ఖాళీ అయ్యేదాకా ఆమె చెయ్యి ఆగలేదు.

చైత్రంలో దొర పెద్ద క్యాంపుకి వెళ్లాడు. ఆ ముందురోజు మొక్కలన్నీ కొత్త తొట్లలోకి మార్చారు. దేముడమ్మ లోపలి కుండలు గొంతుదాకా నింపింది, మల్లేశు మూతలు పెట్టాడు. బంగళాకి తాళం పడింది. కొండవాళ్ల ఇటుకల పండగ రోజులవి. మగవాళ్లంతా వేటకి పోతారు, ఆడవాళ్లు దారికి అడ్డంగా వాసాలు కట్టి పాటలు పాడతారు. దేముడమ్మ కూడా నిశ్చింతగా గాలికొండ కింద తన ఊరికి వెళ్లిపోయింది.

ఆ పండగ రోజుల్లో వరహాలుకి తిండి సయించలేదు. ఒకసారి కట్టెల నెపం పెట్టుకుని బంగళా వెనక్కి వెళ్లి, కిటికీ అద్దానికి మొహం ఆనించి చూసింది. ఆకులు తల వాల్చేశాయి. ఇంకా ప్రాణం ఉంది వాటికి. అక్కణ్నుంచి దేముడమ్మ ఊరు ఒక్క పరుగు. వెళ్లి చెబితే ఆమె ఆపదొస్తే తప్ప తియ్యొద్దని బట్లరు తన అన్న దగ్గర ఉంచిన రెండో తాళంచెవి తెప్పించి తలుపు తీయించేది. వరహాలు కాసేపు అక్కడే నిలబడింది. మల్లేశు నవ్వు గుర్తొచ్చింది. కట్టెలు నెత్తికెత్తుకుని ఇంటికొచ్చి వంట చేసింది.

దొరలు తిరిగొచ్చిన రోజు సాయంత్రం మల్లేశు బంగళా నుంచి వచ్చి, పాక బయటే అరుగు మీద కూలబడ్డాడు.

"మొక్కలన్నీ సచ్చిపోనాయి," అన్నాడు.

వరహాలు పొయ్యిలో పుల్లలు సర్దుతూ ఉండిపోయింది. ఇప్పుడంటాడు, కుండలు పనికిరాలేదంటాడు, దొరసాని తిట్టిందంటాడు అని చూస్తోంది.

"దేముడమ్మ కుండల్లో నీళ్లు పొయ్యడం మరిసిపోనాదట. దొరసాని ముందు తనే ఒప్పేసుకున్నాది. కుండలు మంచివే, తప్పు నాదే అన్నాది. పనిలోంచి తీసీసినారు."

వరహాలు పొయ్యి వదిలి గుమ్మంలోకి వచ్చింది.

"నాకు అర్థం కాలేదే," అన్నాడు మల్లేశు. "నా కళ్లెదుటే గదా నింపినాది. మూతలు నేనెట్టినాను. ఇవేళ మూతలు తీసి సూత్తే కుండల్లో సుక్క నేదు. అది మరిసిపోయే మనిసి కాదు."

వరహాలుకి మొత్తం అర్థమైంది. తాళం తీయగానే అందరికంటె ముందు దేముడమ్మ లోపలికి వెళ్లింది. కుండలు నిండుగా ఉండడం, మొక్కలు ఎండిపోయి ఉండడం చూసింది. ఎవరు ఏం చేశారో పసిగట్టింది. దొరసాని చూడకముందే కుండలు పైకి లాగి నీళ్లు పారబోసి, నేరం తన నెత్తిన వేసుకుంది. మల్లేశు పేరు నిలబెట్టింది.

అది తెలిశాక వరహాలుకి సిగ్గు కలగలేదు. కోపమే ఇంకా పెరిగింది. తను పాడు చేసింది, ఆమె కాపాడింది. తను మొగుడి పరువు తీయబోయింది, ఆమె నిలబెట్టింది. ఇంక జన్మంతా ఆయన ఆ మనిషినే తలుచుకుంటాడు.

"రేపెల్లి దొరసాని కాళ్లట్టుకుంతాను," అన్నాడు మల్లేశు. "నా కుండల కోసం ఆ మనిసి కూడు పోగూడదు."

ఆయన ఎవరి కాళ్లూ పట్టుకోగా ఆమె చూడలేదు. తన తండ్రి పోయినప్పుడు కర్మ ఖర్చులకి అప్పు అడగడానికి కూడా మునసబు దగ్గరికి వెళ్లని మనిషి.

"ఆ తప్పు ఆ మనిసిది కాదు," అంది వరహాలు. "నాది."

"ఏటి?"

"నాదంటన్నాను. లోపలి కుండలకి గుగ్గిలం నేనే రాసినాను. అన్నిటికీ రాసినాను."

పశ్చాత్తాపంతో అన్న మాట కాదది. తన వస్తువు ఇంకొకరి చేతిలో కనిపిస్తే లాక్కున్నట్టు అంది.

మల్లేశు నమ్మలేదు. ఆమె లోపలికి వెళ్లి గుడ్డ చుట్టిన కర్ర తెచ్చి ఆయన ముందు పడేసింది. నల్లగా గట్టిపడిన ఆ గుడ్డ వైపూ ఆమె వైపూ చూశాడు.

"ఎందుకే?"

"రంపప్పొట్టు ఎయ్యమని నీకెవురు సెప్పినారు?"

"ఇప్పుడు రంపప్పొట్టేటి?"

"ఎవురు సెప్పినారు?"

మల్లేశు కర్రని చేతిలోకి తీసుకున్నాడు. ఆమె ఆయన మొహాన్నే చూస్తోంది. మొదట అందులో విసుగు ఉంది, తర్వాత తడబాటు వచ్చింది. ఆఖరికి కళ్లు దించుకున్నాడు.

"నువ్వే," అన్నాడు.

ఆ ఒక్క మాట కోసం ఆమె ఎన్ని రోజులుగానో కాచుకుంది. వచ్చేసరికి దానివల్ల ఇసుమంత సంతోషం కూడా కలగలేదు.

"మట్టి నువ్వు తొక్కినావు. పొట్టు నువ్వు జల్లించినావు. అవి మన కుండలు గదే," అన్నాడు మల్లేశు మెల్లగా. తిడితే బాగుండేది. లేచి వాగు వైపు వెళ్లిపోయాడు.

మర్నాడు ఇద్దరూ బంగళాకి వెళ్లారు. వరహాలు చెప్పింది బట్లరు దొరసానికి ఇంగిలీషులో చెప్పాడు. ఆవిడ వరహాలుని ఎగాదిగా చూసింది. కోపం కంటె విసుగే ఎక్కువగా ఉంది ఆ చూపులో. ఏదో అని లోపలికి వెళ్లిపోయింది.

"తోటపనికి విశాఖపట్నం నుంచి కొత్త మాలీ బయల్దేరాడట. ఇక మీరెవ్వరూ రానక్కర్లేదు," అన్నాడు బట్లరు.

చెప్పినా ఏమీ మారలేదు. ఆ తర్వాత మల్లేశు మాట మానేశాడు. ఈసారి రెండు మూడు రోజులతో పోలేదు. తొలకరి పడింది, వాగు పొంగింది, చోడి నాట్లు పడ్డాయి. పాకలో ఆమె మట్టి తొక్కే చప్పుడు, ఆయన సారె తిరిగే చప్పుడు, అంతే.

వాన తెరిపిచ్చిన ఒక మధ్యాహ్నం వరహాలు గాలికొండ దారి పట్టింది. దేముడమ్మ ఇంటి ముందు సామలు దంచుతోంది. వరహాలుని చూసి రోకలి ఆపలేదు.

"దొరసానికి సెప్పీసినాను. నేనే సేసినానని," అంది వరహాలు.

"ఇన్నాను."

"నీకు ముందే తెలుసు గదా?"

"గోటితో గీకితే గుగ్గిలం ఒచ్చినాది. ఆ ఇంట్లో గుగ్గిలం కాసేది ఎవురో నాకు తెల్దేటి?"

"మరెందుకు నీ మీదేసుకున్నావు? మా మావ కోసమేనా?"

అప్పుడాపింది రోకలి. చెమట తుడుచుకుని వరహాలుని సూటిగా చూసింది.

"కొంచెం ఆయన కోసమే. అబద్ధమెందుకు? ఆయనతో మాటాడితే నాకు బాగుంటాది. మా ఇంటాయన పోయాక నేను సెప్పింది అంతసేపు ఇన్న మనిసి ఇంకోడు నేడు. అంతకు మించి ఏటీ నేదు. ఆ మాటకొత్తే అదే సాలా ఎక్కువ." ఆమె కాళ్ల దగ్గర పడ్డ గింజలు ఏరి రోట్లో వేసింది. "కానీ దొరసాని ఆ కుండలు పాడువి అంటే నేను ఓర్సుకోలేకపోనాను వదినా. అవి పనిసేసే కుండలు. మడిసి సెడగొట్టినాది గానీ కుండ సెడనేదు."

వరహాలు గుమ్మం పక్కన రాయి మీద కూర్చుంది. చిన్నపిల్లలా, "రంపప్పొట్టు ఎయ్యమన్నది నేనే. ఆయన కాదు," అంది.

"ఏటీ?"

వరహాలు ఆ రాత్రి కంచం దగ్గర జరిగిందంతా చెప్పింది. విని దేముడమ్మ నవ్వింది. ఆ నవ్వులో జాలి లేదు.

"మరి నాకెందుకు సెప్పనేదు? నేనొచ్చినప్పుడల్లా అంబలి ముంత అక్కడెట్టి ఎనక్కి ఎల్లిపోయీదానివి. మట్టి గురించి నీకు మాటలున్నాయని నాకెలగ తెలుత్తాది? సెప్పుంటే నిన్నే అడిగీదాన్ని."

వరహాలు తన కాళ్ల దగ్గరికి దొర్లిన గింజ ఒకటి ఏరి రోట్లో వేసింది.

"నాకు నీ మీద కోపం ఇంకా పోనేదు," అంది దేముడమ్మ రోకలి అందుకుంటూ. "బేగి పోదు కూడా. ఇంటికెల్లు. వాన ఒత్తాది."

దారంతా వరహాలు తడుస్తూనే వచ్చింది.

వలిసెపూలు కొండవాలంతా పచ్చగా పరుచుకున్న రోజుల్లో సంతలో ఉప్పు అమ్మే పైడయ్య ఒక కబురు తెచ్చాడు. అనంతగిరి వైపు కొత్తగా కాఫీ మొక్కలు పెంచుతున్న తోటలో దేముడమ్మ పనికి కుదిరిందట. చలికాలం వెళ్లేసరికి అక్కడ ఊట ఎండిపోతుందట. లేత మొక్కల దగ్గర పాతడానికి ఊటకుండలు కావాలందట.

"నేను సేసిత్తాన్లే," అన్నాడు మల్లేశు.

"నీకు కాదు బావూ. కుమ్మరామెని అడగమన్నాది. పాళ్లు ఆమెకే తెలుసునట," అన్నాడు పైడయ్య.

మల్లేశు చప్పున వరహాలు వైపు చూశాడు. ఆ చూపు ఏమిటో ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ ఏడాది పొడుగునా తన కళ్లలో మోసిన చూపే అది. ఆమెకి కాస్త తృప్తి కలిగింది. కలిగినందుకు తన మీద తనకే రోత పుట్టింది. అంతలోనే అది పోయి మళ్లీ తృప్తే మిగిలింది.

ఆ మట్టి ఆమె ఎవరి మాటా వినకుండా కలిపింది. పొట్టుని రెండుసార్లు జల్లించింది, వాగు ఇసుక తగ్గించింది. సారె ఎక్కించేముందు మల్లేశు ముద్దని వేళ్ల మధ్య నలిపి చూశాడు.

"ఎంత ఏసినావు?" అన్నాడు. తొలకరికి ముందు మాట మానేశాక ఆయన ఆమెతో అన్న మొదటి నిండు మాట అది.

"నాలుగు పాళ్ల మట్టికి ఒక పాలు."

"తక్కువ కాదేటి?"

"కాదు. మొక్కలు పసివి. ఎక్కువ తాగవు."

ఆయన ఇంకేం అనలేదు. సారె తిప్పాడు.

కుండలు ఆవంలోంచి తీసి, గంపలో గడ్డి వేసి ఆయనే సర్దాడు. తనూ వస్తానంటాడేమో అని ఆమె భయపడింది. ఆయన అడగలేదు. గంప నెత్తికెత్తి, చుట్టకుదురు సరిచేసి, పాక దాటబోతుంటే అన్నాడు: "దేముడమ్మని అడిగినానని సెప్పు."

ఆ మాట ఆమెతో పాటే ఘాటీ దారంతా నడిచింది. చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది? ఆయన వచ్చి అడగడు, ఆమె వచ్చి చెప్పదు. మొదటి మలుపులోనే చెప్పకూడదని తేల్చేసుకుంది. చెట్ల నీడలో ఆగి అంబలి తాగినప్పుడు కూడా అదే నిశ్చయం.

తోటలో దేముడమ్మ మొక్కల మడుల మధ్య ఉంది. వరహాలు గంప దించింది. పలకరింపులేవీ లేవు. దేముడమ్మ ఒక్కో కుండా తీసి లోపల వేలు పెట్టి తిప్పి చూసింది, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. ఆ వాసన చూడ్డం ఎందుకో వరహాలుకి తెలుసు. తల దించుకుని నిలబడింది.

"బాగున్నాయి," అంది దేముడమ్మ చివరికి. "పొట్టు తగ్గించినావా?"

"తగ్గించినాను. ఇంత లేత మొక్కలకి అది సాలదేటి?" అంది వరహాలు.

"సాలుతాది. నేనైతే ఇంకా కొంచెం తగ్గిద్దును."

"ఇంకా తగ్గిత్తే బిగుసుకుపోద్ది," అంది వరహాలు గట్టిగా. "ఎండలొచ్చినాక సూడు, నువ్వే సెప్తావు."

దేముడమ్మ ఆమె వైపు చూసి, ఒప్పుకున్నట్టూ ఒప్పుకోనట్టూ పెదవి విరిచింది. ఇద్దరూ మడుల పక్కన కూర్చుని గుంతలు తీసి కుండలు మెడదాకా పాతారు. ఎంత లోతు ఉండాలన్న దగ్గర ఇంకోసారి వాదులాడుకున్నారు. ఎండ వాలింది. వరహాలు ఖాళీ గంప చేతికి తీసుకుంది.

"కుమ్మరన్న బాగున్నాడా?" అంది దేముడమ్మ చేతులు దులుపుకుంటూ.

వరహాలు గుండెలో పాత ముల్లు కదిలింది. అది ఎక్కడికీ పోలేదు. బహుశా పోదు కూడా. గంప ఒక చంక నుంచి ఇంకో చంకకి మార్చుకుంది.

"బాగున్నాడు," అంది. దారి వైపు రెండడుగులు వేసి ఆగి, వెనక్కి తిరగకుండానే అంది: "నిన్ను అడిగినానని సెప్పమన్నాడు."